కొరియా ఋతు పండుగలు: ఏడాది పొడవునా ఉన్నవాటిలో రెండే ఎందుకు పెద్దవయ్యాయి?

క్లుప్తంగా: కొరియా సంప్రదాయ పంచాంగంలో దాదాపు ప్రతి నెలకూ ఒక పండుగ ఉండేది. ఇప్పుడు దక్షిణ కొరియా అంతటా మూడేసి రోజుల సెలవుతో జరిగేవి రెండే: చాంద్రమాన సంవత్సరాది సొల్లాల్, ఎనిమిదో నెల పౌర్ణమినాటి చుసొక్. ఇవి మిగతావాటికంటే పాతవి కావడం ఇందుకు కారణం కాదు. ఇంటి పితృపూజతో ముడిపడటం, ప్రభుత్వ సెలవుల జాబితాలో చోటు దక్కడం, పట్నాలకు వలస వెళ్లినవారికి సొంతూరికి వచ్చే సందర్భంగా మారడం వీటిని నిలబెట్టాయి. ఊరంతా కలిసి పొలం పనుల మధ్య చేసుకున్న పండుగలు ఆ పనులతోపాటే వెనక్కు తగ్గాయి. ఇంటి మీద నిలిచిన ఈ రెండింటికీ ఇప్పుడు ఆ ఇంటి నిర్మాణమే మారిపోవడం పెద్ద పరీక్షగా మారింది.

కొరియన్ సీరియళ్లలో తరచూ కనిపించే పండుగ దృశ్యాలు దాదాపు అన్నీ ఒకే తరహాలో ఉంటాయి. కార్లతో నిండిన రహదారి, వంటగదిలో నూనె మూకుళ్ల ముందు కోడళ్లు, పండ్లు, చేపలు, మాంసం వరుసలుగా పేర్చిన బల్ల, దాని ముందు నేలకు వంగి మొక్కుతున్న కుటుంబం. వీటిని చూసి సొల్లాల్‌ను కొరియా ఉగాది అనీ చుసొక్‌ను కొరియా సంక్రాంతి అనీ చెప్పుకోవడం సులువే కానీ, ఆ పోలిక సగం దాకానే పనికొస్తుంది. ఆ దృశ్యాల్లో అనాదిగా వస్తున్నవి కొన్నే. మూడు నాలుగు వందల ఏళ్ల క్రితం స్థిరపడినవి కొన్ని, గత యాభై ఏళ్లలో పుట్టినవి మరికొన్ని.

చంద్రుడి తేదీలు, సూర్యుడి తేదీలు

పండుగల తేదీలు ఏటా మారడం బయటివారిని మొదట తికమకపెడుతుంది. తెలుగు పంచాంగం తెలిసినవారికి ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. కొరియా సంప్రదాయ మాసం అమావాస్య ఘడియ పడిన రోజున మొదలవుతుంది. పన్నెండు చాంద్రమాసాలకూ సౌర సంవత్సరానికీ మధ్య దాదాపు పదకొండు రోజుల తేడా వస్తుంది కాబట్టి పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అధిక మాసం కలుపుతారు. అయితే మన పంచాంగకర్తలు నక్షత్ర మండలంలో సూర్య సంక్రమణాలను బట్టి అధిక మాసాన్ని నిర్ణయిస్తే, కొరియాలో అయనాంతాలు, విషువత్తుల నుంచి లెక్కించే 24 సౌర విభాగాలను బట్టి నిర్ణయిస్తారు. అందువల్ల రెండుచోట్లా అధిక మాసం ఒకేసారి రానక్కర్లేదు. 2024లో సెప్టెంబరు 17న భాద్రపద పౌర్ణమి దగ్గర వచ్చిన చుసొక్, 2025లో అక్కడ ఆరో నెల అధికం కావడంతో అక్టోబరు 6కు, అంటే ఆశ్వయుజ పౌర్ణమికి జరిగింది.

సొల్లాల్ సాధారణంగా శీతాకాల అయనాంతం తరువాత వచ్చే రెండో అమావాస్యకు పడుతుంది. కొరియా, చైనా రెండూ ఇదే సూత్రాన్ని పాటించినా తేదీ ఎప్పుడూ ఒకటే కావాలని లేదు. 2027లో అమావాస్య ఘడియ బీజింగ్ కాలమానం ప్రకారం ఫిబ్రవరి 6 అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు వస్తుంది. సియోల్ గడియారం ఒక గంట ముందుంటుంది కాబట్టి అక్కడ అప్పటికే 7వ తేదీ వచ్చేస్తుంది. ఆ ఏడాది చైనాలో సంవత్సరాది ఒక రోజు, కొరియాలో మరుసటి రోజు. ఈ పండుగను ఏ దేశం పేరుతో పిలవాలన్న వివాదం ఏటా సామాజిక మాధ్యమాల్లో రగిలే కాలంలో ఈ గంట తేడా కూడా చర్చకు రాకుండా ఉండదు.

అన్ని పండుగలూ చంద్రుడిని అనుసరించవు. దోంజీ నేరుగా శీతాకాల అయనాంతం, అంటే డిసెంబరు 21 లేదా 22. పొయ్యి వెలిగించకుండా చల్లటి ఆహారం తినే హన్సిక్ ఆ అయనాంతం నుంచి లెక్కపెట్టిన 105వ రోజున, ఏప్రిల్ మొదటి వారంలో వస్తుంది. చాంద్రమాన పండుగల్లోనూ రెండు వరుసలున్నాయి. ఒకటో నెల ఒకటి, మూడో నెల మూడు, ఐదో నెల ఐదు, ఏడో నెల ఏడు, తొమ్మిదో నెల తొమ్మిది అనే జంట బేసి సంఖ్యల వరుస చైనా యిన్–యాంగ్ సిద్ధాంతం నుంచి తూర్పు ఆసియా అంతటికీ వ్యాపించింది. ఒకటి, ఆరు, ఏడు, ఎనిమిది నెలల పౌర్ణములది రెండో వరుస. జనం రాత్రిపూట గుంపుగా బయటికి వచ్చి ఆడిపాడే ఆచారాలు ఎక్కువగా ఈ పౌర్ణముల చుట్టూనే అల్లుకున్నాయి. దీపాలు లేని కాలంలో అది సహజమే.

పొలం పనుల మధ్య విరామాలు

వరి పండించే గ్రామంలో ఈ పండుగలు పని విరామాల పట్టికగా ఉపయోగపడేవి. సొల్లాల్ నుంచి మొదటి పౌర్ణమి, అంటే జంగ్వోల్ దెబోరుమ్ దాకా ఉన్న పదిహేను రోజులు చలికాలపు తీరిక. సొల్లాల్ ఇంటి పండుగ అయితే దెబోరుమ్ ఊరి పండుగ. గడ్డితో పేనిన భారీ తాళ్లతో ఊరు రెండు జట్లుగా చీలి లాగుడు పోటీ పెట్టుకునేది. చాలాచోట్ల ఒక తాడును స్త్రీగా, ఇంకొకదాన్ని పురుషుడిగా భావించి, స్త్రీ పక్షం గెలిస్తే పంట బాగా పండుతుందని నమ్మేవారు. పొలం గట్ల మీది ఎండుగడ్డిని తగలబెట్టేవారు, కొమ్మలతో కట్టిన పెద్ద కుప్పను చంద్రోదయ వేళ అంటించేవారు. అప్పటిదాకా ఎగరేసిన గాలిపటాల దారం తెంపి కీడును వాటితోపాటు సాగనంపేవారు. పొద్దున్నే స్నేహితుడిని పేరుపెట్టి పిలిచి, అతడు పలికిన వెంటనే ‘నా ఎండ కొనుక్కో’ అనేస్తే వచ్చే వేసవి ఉక్క అతడికి అంటుకుంటుందన్న సరదా ఆచారమూ ఈ రోజుదే. ఈ పౌర్ణమి దాటగానే పనులు మొదలయ్యేవి.

ఐదో నెల ఐదో రోజున వచ్చే దానో విత్తులు, నాట్ల ఒత్తిడి కాస్త తగ్గి వేసవి జబ్బులు ఇంకా మొదలుకాని సంధికాలం. ఆడవారు వస మొక్కను మరిగించిన నీటితో తలంటుకునేవారు. ఇది మన ఇళ్లలో పసిపిల్లలకు అరగదీసి పెట్టే వసకొమ్ము మొక్కే. ఎత్తయిన ఊయలలు ఆడవారికి, స్సిరుమ్ అనే కుస్తీ మగవారికి. రాజు ఉద్యోగులకు దానోనాడు విసనకర్రలు, దోంజీనాడు కొత్త పంచాంగాలు పంచేవాడు. ఏడో నెల పౌర్ణమికి వచ్చే బెక్‌జుంగ్ మూడో కలుపు తీయడం ముగిసిన సందర్భం. కలుపు కొడవళ్లు కడిగి పక్కన పెట్టి, పాలేర్లకు ఆ రోజు సెలవు, చేతి ఖర్చులు, కొత్త బట్టలు ఇచ్చేవారు. బాగా పండించిన పాలేరును ఎద్దు మీద ఊరేగించిన ఊళ్లూ ఉన్నాయి.

బెక్‌జుంగ్ ఈ వ్యవస్థ పనితీరును స్పష్టంగా చూపిస్తుంది. పాలేర్లు లేకుండా, కలుపు మందులు వచ్చి మూడుసార్ల కలుపు తీతే లేకుండా పోయాక ఆ పండుగకు చేయడానికి పనేమీ మిగలలేదు. బౌద్ధాలయాల్లో పితృదేవతలకు చేసే అర్చనగా, మిర్యాంగ్ వంటి కొన్నిచోట్ల ప్రదర్శన కళగా ఇప్పుడది కొనసాగుతోంది.

చుసొక్‌ను పంటకోత పండుగ అంటారు గానీ, ఆ మాటను కాస్త సడలించి తీసుకోవాలి. ఎనిమిదో నెల పౌర్ణమికి కొరియాలో ప్రధాన వరి పంట ఇంకా పూర్తిగా కోతకు రాదు. ముందుగా పండే రకాల నుంచి తీసిన కొత్త బియ్యాన్ని దంచి, అర్ధచంద్రాకారపు సోంగ్‌ప్యోన్ ఉండ్రాళ్లు చేసి, పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికించి పూర్వీకులకు మొదట నివేదించడమే అసలు క్రతువు. కాబట్టి ఇది కోత ముగిసిన సంబరం కంటే తొలి గింజ నైవేద్యానికి దగ్గర. చలి ముందుగా వచ్చి, వరి ఆలస్యంగా పండే ప్రాంతాల్లో ఈ తేదీ అసలు పొసగేది కాదు. అందుకే ఆండోంగ్ చుట్టుపక్కల కొన్ని వంశాలు కొత్త బియ్యపు క్రతువును తొమ్మిదో నెల తొమ్మిదో రోజుకు జరుపుకున్నాయి. మెట్ట పంటలు ఎక్కువగా ఉండే ఉత్తరాదిన దానోకు, వరి ఎక్కువగా ఉండే దక్షిణాదిన చుసొక్‌కు పెద్దపీట వేసేవారని జానపద పరిశోధకులు చెప్పే విభజన కూడా దీనికి సరిపోతుంది. చొసన్ రాజవంశ కాలంలో (1392–1910) నాలుగు ప్రధాన పండుగలుగా ఎంచినవి సొల్లాల్, హన్సిక్, దానో, చుసొక్. ఆ నాలుగులో సగం ఇప్పుడు సెలవుల జాబితాలో లేవు.

చుసొక్ ప్రాచీనతకు ఆధారాలు గట్టివే. 1145లో పూర్తయిన చరిత్ర గ్రంథం ‘సంగుక్ సాగి’ దీన్ని క్రీ.శ. 32 నాటి సిల్లా రాజ్యపు నేత పోటీతో ముడిపెడుతుంది: ఇద్దరు రాజకుమార్తెలు రెండు జట్లకు నాయకత్వం వహించి నెల రోజులపాటు నేత నేయించి, ఎనిమిదో నెల పౌర్ణమినాడు ఓడినవారు గెలిచినవారికి విందు పెట్టారట. ఆ గ్రంథం ఆ సంఘటనకు పదకొండు వందల ఏళ్ల తరువాతది కనుక వివరాలను జాగ్రత్తగానే తీసుకోవాలి. అంతకంటే నేరుగా చూసి చెప్పిన సాక్ష్యం జపాన్ భిక్షువు ఎన్నిన్‌ది. 839లో చైనాలోని షాన్‌డోంగ్ తీరాన సిల్లా వలసదారుల విహారంలో ఉన్న ఆయన, ఎనిమిదో నెల పౌర్ణమి వేడుకను చూసి, ఇది సిల్లావారికే ప్రత్యేకమైన పండుగ అని అక్కడివారు చెప్పారనీ, ఒక యుద్ధ విజయాన్ని అందుకు కారణంగా చూపారనీ తన దినచర్యలో రాసుకున్నాడు.

ఊరి నుంచి ఇంటి పూజగదికి

పండుగ అర్థం ఊరి నుంచి వంశానికి మారడం చొసన్ కాలంలో జరిగిన అతి పెద్ద మార్పు. పన్నెండో శతాబ్దపు చైనా తత్త్వవేత్త జు షి క్రోడీకరించిన గృహ్య విధులను కొత్త రాజ్యం ఆదర్శంగా తీసుకుంది. సొల్లాల్, చుసొక్ ఉదయాన ఇంట్లో చేసే పితృపూజను ఛార్యే అంటారు. వర్ధంతి రాత్రి చేసే తద్దినం వేరు, ఇది వేరు. ఇందులో అన్నానికి బదులు ఆ ఋతువు వంటకం నివేదిస్తారు: సొల్లాల్‌కు తెల్లని బియ్యపు రొట్టె బిళ్లలు వేసిన తొక్‌గుక్ పులుసు, చుసొక్‌కు సోంగ్‌ప్యోన్. తరువాత సమాధుల దగ్గరికి వెళ్తారు. చుసొక్‌కు కొన్ని వారాల ముందే సమాధి దిబ్బల మీద వేసవంతా పెరిగిన గడ్డి కోసి శుభ్రం చేయడం కొడుకుల బాధ్యత.

ఇదంతా మొదటి నుంచీ పెద్దకొడుకు సొత్తు అనుకుంటే పొరపాటు. చొసన్ తొలి సగంలో కూతుళ్లకూ ఆస్తిలో సమాన వాటా ఉండేది. పితృకార్యాలను అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంతులవారీగా చేసేవారు. పదిహేడో శతాబ్దం నుంచి ఆ వంతుల పద్ధతి క్రమంగా పోయి, ఆస్తిలో పెద్ద భాగంతోపాటు పూజ బాధ్యత కూడా పెద్దకొడుకు ఇంటికి చేరింది. ఆస్తి పంచుకుంటూ పోతే భూమి చిన్న ముక్కలైపోతుందన్న ఆర్థిక ఒత్తిడి ఇందుకు తోడ్పడింది. పూజ ఎవరింట్లో జరిగితే వంట ఆ ఇంటి కోడలి మీద పడుతుంది. ఇప్పుడు కొరియా పత్రికలు ఏటా చర్చించే ‘పండుగ జబ్బు’కు, అంటే పండుగ చాకిరీతో వచ్చే అలసటకు, ఒత్తిడికి మూలం మూడు శతాబ్దాల వెనకటి ఈ మార్పులోనే ఉంది.

పితృపూజ మత వివాదాలకూ కేంద్రమైంది. 1791లో యున్ జి-చుంగ్ అనే కాథలిక్ పితృఫలకాలను (పూర్వీకుల పేర్లు రాసి పూజించే చెక్క పలకలను) తగలబెట్టాడన్న ఆరోపణ మరణశిక్షకు దారితీసింది. 1939లో వాటికన్ ఇలాంటి క్రతువులను పౌర మర్యాదగా అంగీకరించింది. ప్రొటెస్టెంట్ కుటుంబాలు చాలావరకు ఛార్యేకు బదులు స్మారక ప్రార్థన చేసుకుంటాయి. పూజ లేకపోయినా ఒకచోట చేరడం, పెద్దలకు నేలకు వంగి సెబే చేయడం, పిల్లలకు డబ్బు ఇవ్వడం మాత్రం మతాలకు అతీతంగా కొనసాగుతున్నాయి.

సెలవు చుట్టూ రాజకీయం

1896 జనవరి 1న కొరియా గ్రెగోరియన్ క్యాలెండరుకు మారింది. అప్పటి నుంచి దాదాపు తొంభై ఏళ్లు సంవత్సరాది ఎప్పుడన్నది రాజకీయ ప్రశ్నగా మిగిలింది. జపాన్ 1873లోనే కొత్త క్యాలెండరును స్వీకరించి పండుగలనూ దాంతోపాటు జరిపేసింది: సంవత్సరాది జనవరి 1కి, ఐదో నెల ఐదో రోజు పండుగ మే 5కు మారాయి. చైనాలో గణతంత్రం వచ్చాక జనవరి 1ని అధికారిక సంవత్సరాదిగా ఉంచి, పాత సంవత్సరాదికి వసంతోత్సవమని వేరే పేరు పెట్టి రెండింటినీ సర్దుబాటు చేశారు. కొరియాలో ఈ రెండూ జరగలేదు. 1910 నుంచి 1945 దాకా జపాన్ వలస పాలన జనవరి 1ని కొత్త సంవత్సరాదిగా రుద్ది, చాంద్రమాన సంవత్సరాదిని పాతదని చిన్నచూపు చూసింది. ఆ కారణంగానే పాత తేదీని పట్టుకుని ఉండటం జనం దృష్టిలో స్వాభిమాన చిహ్నమైంది.

స్వాతంత్ర్యం తరువాత కూడా విధానం మారకపోవడం ఇందులో విడ్డూరం. 1949 సెలవుల ఉత్తర్వు జనవరి 1, 2, 3 తేదీలకు సెలవిచ్చింది. సొల్లాల్‌కు ఒక్క రోజు కూడా లేదు. రెండు సంవత్సరాదులు చేసుకోవడం డబ్బు, సమయం దండగన్నది సింగ్‌మన్ రీ, పార్క్ చుంగ్-హీ ప్రభుత్వాల వాదన. జనం మాత్రం ఉద్యోగాలకు సెలవు పెట్టో, తెల్లవారుజామునే పూజ ముగించుకుని పనికి పోయో పాత తేదీనే పాటించారు. చివరికి 1985లో ప్రభుత్వం ‘జానపద దినం’ అనే నిస్సారమైన పేరుతో ఆ రోజుకు ఒక్క రోజు సెలవు ప్రకటించింది. సైనిక పాలన ముగిసి ప్రజాస్వామ్యం వచ్చాక 1989లో సొల్లాల్ అన్న పేరు తిరిగి వచ్చి, సెలవు మూడు రోజులైంది. జనవరి 1 సెలవు తగ్గుతూ వచ్చి 1999 నుంచి ఒక్క రోజుకు పరిమితమైంది.

చుసొక్‌కు ఈ గొడవ రాలేదు. కొత్త క్యాలెండరులో దానికి పోటీ తేదీ ఏదీ లేకపోవడంతో 1949 ఉత్తర్వులోనే దానికి చోటు దొరికింది. 1989లో అదీ మూడు రోజులైంది. దానో, హన్సిక్, దెబోరుమ్‌లకు ఎన్నడూ జాతీయ సెలవు దక్కలేదు. ఫ్యాక్టరీ షిఫ్టు, బడి గంట నడిపే సమాజంలో సెలవు లేని పండుగ గుంపుగా జరగడం కష్టం. హన్సిక్‌కు మాత్రం కొంతకాలం దొడ్డిదారి ఆసరా ఉండేది: ఏప్రిల్ 5 వనమహోత్సవ దినం సెలవు కావడంతో ఆ రోజున సమాధులు బాగుచేసుకోవడానికి వెళ్లేవారు. 2006 నుంచి ఆ సెలవూ పోయింది. 1990ల తొలినాళ్లలో సుమారు 20 శాతంగా ఉన్న దహన సంస్కారాలు ఇప్పుడు 90 శాతం దాటాయి. బాగుచేయడానికి సమాధి దిబ్బలే తగ్గిపోతున్నప్పుడు ఆ పండుగకు మిగిలే పని చాలా తక్కువ.

గుంపుగా కాకుండా వంటకం రూపంలో బతికిన పండుగలు వేరే కోవకు చెందుతాయి. దోంజీకి అజుకి అనే ఎర్రటి చిక్కుడు జాతి గింజల జావ (దయ్యాలకు ఎరుపంటే భయమని పూర్వం దాన్ని గుమ్మాలకు పూసేవారు), దెబోరుమ్‌కు ఐదు ధాన్యాల అన్నం, గట్టి పెంకు గింజలు కొరకడం, వేసవిలో మూడు ‘బోక్’ రోజులకు జిన్సెంగ్ వేసిన కోడిపిల్ల పులుసు. వీటికి సెలవు అక్కర్లేదు, మధ్యాహ్న భోజన విరామం చాలు. ఆఫీసు క్యాంటీన్లు, హోటళ్లే ఇప్పుడు వీటిని గుర్తుపెట్టుకుని జరుపుతున్నాయి. బోక్ రోజులకు కుక్క మాంసం తినే అలవాటు కూడా ఉండేది. 2024 జనవరిలో పార్లమెంటు ఆమోదించిన చట్టం మూడేళ్ల గడువు తరువాత ఆ వ్యాపారాన్ని నిషేధిస్తుంది.

ఉత్తర కొరియా కథ వేరే దారిలో నడిచింది. 1960ల చివర చాంద్రమాన పండుగలను భూస్వామ్య అవశేషాలుగా పక్కనపెట్టి, 1980ల చివర చుసొక్‌తో మొదలుపెట్టి తిరిగి అనుమతించారు. దక్షిణ కొరియాలో చిక్కుకున్న ఉత్తరాది కుటుంబాలు సొల్లాల్, చుసొక్ రోజుల్లో సరిహద్దు సమీపంలోని ఇమ్జింగాక్ దగ్గర ప్రత్యేకంగా కట్టిన వేదిక ముందు ఉత్తరం వైపు తిరిగి ఛార్యే చేస్తాయి. సమాధి దాకా వెళ్లలేనివారికి ఆ దిక్కే సమాధి.

రహదారులు, కానుకలు

1960లో దక్షిణ కొరియా జనాభాలో నాలుగింట మూడు వంతుల మంది పల్లెల్లో ఉన్నారు. ముప్పై ఏళ్లలో ఆ నిష్పత్తి తలకిందులైంది. 2019 నాటికి దేశ జనాభాలో సగం ఒక్క సియోల్ మహానగర ప్రాంతంలోనే చేరింది. ఇంత వేగంగా ఊరు వదిలినవారికి ఏడాదిలో రెండుసార్లు వెనక్కి వెళ్లే దారిగా ఈ రెండు సెలవులు మారాయి. వారాల ముందే రైలు టికెట్లు అయిపోవడం, మామూలు రోజుల్లో నాలుగైదు గంటల ప్రయాణం రెట్టింపు కావడం ఆ కాలం నుంచే పండుగలో భాగం. 2017 చుసొక్ నుంచి ప్రభుత్వం ఈ రోజుల్లో ఎక్స్‌ప్రెస్‌వేల టోలు రుసుము మాఫీ చేస్తోంది (కోవిడ్ కాలంలో కొంతకాలం ఆపింది). సంక్రాంతికి హైదరాబాదు–విజయవాడ రహదారి తీరు తెలిసిన పాఠకులకు ఈ దృశ్యం కొత్త కాదు. అయితే మన దగ్గర పండుగ మకాం సాధారణంగా పల్లె. కొరియాలో వృద్ధ తల్లిదండ్రులే పిల్లల దగ్గరికి పట్నం వచ్చే ఎదురు ప్రయాణం ఇప్పుడు బాగా పెరిగింది.

ఊరికి వట్టి చేతులతో పోకూడదన్న మర్యాద పెద్ద మార్కెట్‌ను సృష్టించింది. పియర్ పండ్లు, ఎండు చేపలు, గొడ్డు మాంసం పెట్టెల పక్కనే స్పామ్ డబ్బాల కానుక పెట్టెలుంటాయి. యుద్ధకాలంలో అమెరికా సైనిక దుకాణాల నుంచి బయటికి వచ్చిన అపురూప పదార్థంగా పేరు తెచ్చుకున్న ఆ డబ్బా మాంసానికి, అది చవకైపోయాక కూడా కానుక హోదా పోలేదు. చట్టం కూడా ఈ ఆనవాయితీని లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వోద్యోగులు తీసుకునే కానుకలకు 2016లో అమల్లోకి వచ్చిన అవినీతి నిరోధక చట్టం పరిమితి పెట్టింది. రైతుల ఒత్తిడితో వ్యవసాయ, మత్స్య ఉత్పత్తులకు దాన్ని సడలిస్తూ వచ్చి, 2023లో లక్షా 50 వేల వాన్లకు (వాన్ కొరియా కరెన్సీ) పెంచారు. సొల్లాల్, చుసొక్ కాలంలో అది రెట్టింపు, అంటే 3 లక్షల వాన్లు.

వంటగది భారం, కోర్టు తీర్పు

ఛార్యే బల్ల మీద ఎర్ర పండ్లు తూర్పున, తెల్లవి పడమరన; చేప తూర్పున, మాంసం పడమరన అనే నియమాలు చాలా ఇళ్లలో శాస్త్రంగా చెలామణి అవుతాయి. 2022 సెప్టెంబరులో, కన్‌ఫ్యూషియన్ సంప్రదాయానికి ప్రధాన కేంద్రమైన సంగ్యున్‌క్వాన్ ఒక సరళ నమూనాను ప్రకటించి, ఇలాంటి నియమాలు ప్రామాణిక విధి గ్రంథాల్లో లేవనీ, నూనెలో వేయించిన వంటకాలు తప్పనిసరి కాదనీ, ఆరు నుంచి తొమ్మిది రకాలు చాలనీ చెప్పింది. పండుగకు ముందు రోజంతా స్త్రీలను పొయ్యి దగ్గర నిలబెట్టేవి ఆ వేపుడు వంటకాలే. సంప్రదాయ రక్షకులుగా పేరున్నవారే భారం తగ్గించుకోమని చెప్పవలసి రావడం, ఆ భారం పూజనే మానుకునే స్థితికి కుటుంబాలను నెడుతోందన్న అంచనాతోనే కావచ్చు.

చట్టం వైపు నుంచి వచ్చిన మార్పు మరింత లోతైనది. పురుషుడే కుటుంబ యజమాని అనే నమోదు పద్ధతి 2008లో రద్దయింది. 2023 మే నెలలో సుప్రీంకోర్టు పూర్తి ధర్మాసనం, వారసుల మధ్య అంగీకారం కుదరనప్పుడు పితృకార్యాలకు పెద్దకొడుకే అర్హుడన్న తన 2008 నాటి తీర్పును తిరగరాసి, ఆడమగ తేడా లేకుండా దగ్గరి సంతతిలో వయసులో పెద్దవారికి ఆ హక్కు ఉంటుందని చెప్పింది. అస్థికలు, సమాధి ఎవరి ఆధీనంలో ఉండాలన్న వివాదంలో వచ్చిన తీర్పు ఇది. పండుగ పూజను అది నేరుగా ఆదేశించదు, కానీ పదిహేడో శతాబ్దంలో స్థిరపడిన పెద్దకొడుకు ప్రాధాన్యానికి చట్టపరమైన ఆఖరి ఆధారాల్లో ఒకదాన్ని తొలగించింది.

సొల్లాల్ అర్థంలో ఇంకో మూలం కూడా కదిలింది. తొక్‌గుక్ గిన్నె తింటే వయసు ఒక ఏడు పెరిగినట్టే అన్న మాట, పుట్టగానే ఒక ఏడు లెక్కపెట్టి సంవత్సరాదికి అందరికీ ఒకేసారి ఇంకో ఏడు కలిపే పద్ధతి నుంచి వచ్చింది. 2023 జూన్ 28 నుంచి ప్రభుత్వ వ్యవహారాల్లో పుట్టినరోజు లెక్కనే ప్రమాణం చేశారు. తొక్‌గుక్ తింటున్నారు, వయసు మాత్రం పెరగదు.

గుర్తింపు కోసం పోటీ

జాతీయ సెలవు దక్కని దానోకు అంతర్జాతీయ గుర్తింపు దక్కింది. తూర్పు తీరంలోని గాంగ్‌నంగ్ పట్టణపు దానో ఉత్సవాన్ని 1967లోనే ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక ఆస్తిగా ప్రకటించారు. ఇది ఒక్క రోజు పండుగ కాదు. నాలుగో నెల ఐదో రోజున దేవుడి మద్యం కాచడంతో మొదలై, దెగ్వల్యోంగ్ కనుమ మీది పర్వత దేవతకూ, ప్రాంత రక్షకుడిగా కొలిచే తొమ్మిదో శతాబ్దపు భిక్షువు బొమిల్‌కూ పూజలు జరిపి, ఆయన్ను పట్టణంలోని దేవేరితో కలిపి, షామన్ల (పూనకంతో దేవతలను పిలిచే పూజారుల) క్రతువులు, మాటల్లేని ముసుగు నాటకం దాకా నెల రోజులకు పైగా సాగుతుంది. పర్వత పూజ, బౌద్ధం, కన్‌ఫ్యూషియన్ మంత్రపఠనం, షామన్ల పూనకం ఒకే ఉత్సవంలో పక్కపక్కన ఉండటం దీని విశేషం. 2005లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వపు మేటి కృతుల్లో చేర్చింది.

అప్పుడు చైనాలో తీవ్ర నిరసన వచ్చింది. ఐదో నెల ఐదో రోజు అక్కడ డ్రాగన్ పడవల పండుగ. కొరియా తమ పండుగను కాజేసిందని పత్రికలు రాశాయి. తేదీ చైనా నుంచి వచ్చిందన్నది నిజమే. కానీ గాంగ్‌నంగ్‌లో పడవలూ లేవు, పడవల పండుగకు మూలంగా చెప్పే చైనా కవి చు యువాన్ కథా లేదు. ఈ వివాదం చైనాను కూడా కదిలించింది: 2008 నుంచి ఆ పండుగను ప్రభుత్వ సెలవుగా చేసి, 2009లో యునెస్కో జాబితాలో చేర్పించుకుంది. తరువాతి ఏళ్లలో తాడు లాగుడును కొరియా, వియత్నాం, కాంబోడియా, ఫిలిప్పీన్స్ కలిసి (2015), స్సిరుమ్‌ను రెండు కొరియాలు కలిసి (2018) నమోదు చేయించుకోవడంలో ఈ పేచీల నుంచి నేర్చుకున్న జాగ్రత్త కొంత కనిపిస్తుంది. చుసొక్ వెన్నెలలో ఆడవారు వలయంగా చేతులు పట్టుకుని ఆడే గాంగ్‌గాంగ్‌సుల్లే 2009లోనే చేరింది. 2023 డిసెంబరులో కొరియా ప్రభుత్వం సొల్లాల్–దెబోరుమ్, హన్సిక్, దానో, చుసొక్, దోంజీ అనే ఐదింటిని జాతీయ అమూర్త వారసత్వంగా ప్రకటించింది. ఏ ఒక్క కళాకారుడికో సంఘానికో కాక, ఆచారానికే ఇచ్చిన గుర్తింపు అది.

మున్ముందు

వాతావరణం ఈ పంచాంగాన్ని అడుగు నుంచి కుదుపుతోంది. 2024 సెప్టెంబరులో చుసొక్ రోజుల్లోనూ వేడి హెచ్చరికలు కొనసాగడంతో, శరదృతువు పండుగను వేసవి పండుగ అంటూ పత్రికలు చమత్కరించాయి. అంతకుముందు ఏడాది వసంతంలో మంచు దెబ్బకు ఆపిల్ దిగుబడి సుమారు 30 శాతం పడిపోయి, 2024 సొల్లాల్‌కు పూజ పండ్ల ధర రాజకీయ సమస్య అయింది. చాంద్రమాన తేదీని జరపడం ఎవరి చేతుల్లోనూ లేదు. పళ్లేల్లో పెట్టేవి మాత్రం మారతాయి. సంగ్యున్‌క్వాన్ ఇచ్చిన వెసులుబాటు అందుకు దారి తెరిచింది.

జనాభా లెక్కల ప్రభావం మరింత నేరుగా ఉంటుంది. 2023లో ఒక్కో మహిళకు సగటు జననాల రేటు 0.72కు దిగింది. ఒంటరిగా నివసించేవారి ఇళ్లు మొత్తం ఇళ్లలో మూడో వంతు దాటాయి. ఒకే సంతానం, అదీ కూతురు అయిన ఇళ్లలో నాలుగు తరాల పూర్వీకులకు ఏటా రెండుసార్లు బల్ల సర్దడం పాత పద్ధతిలో సాధ్యం కాదు. తయారు చేసి ఇంటికి పంపే ఛార్యే వంటకాలు, భస్మ మందిరాల్లో నిమిషాల వ్యవధి దర్శనాలు, సెలవుల్లో విదేశీ విమానాలు ఎక్కే కుటుంబాలు ఇప్పటికే మామూలైపోయాయి. 2025లో చుసొక్ చుట్టూ జాతీయ దినాలు కలిసి అక్టోబరు 3 నుంచి 9 దాకా వారం రోజుల సెలవు వచ్చినప్పుడు ఇంచియాన్ విమానాశ్రయం రద్దీ, ఊరి రహదారుల రద్దీ రెండూ వార్తలయ్యాయి. పూజ మానుకున్న ఇళ్లు సైతం సెలవును వదులుకోవడం లేదు. పండుగను నిలబెట్టిన మూడు ఆధారాల్లో పితృపూజ, సొంతూరు సడలుతుండగా, సెలవుల జాబితా మాత్రం గట్టిగా ఉంది. దానో వంటివి పట్టణాల ఉత్సవ కమిటీల చేతుల్లో, దోంజీ వంటివి హోటళ్ల పట్టికల్లో స్థిరపడినట్టే, సొల్లాల్, చుసొక్ కూడా మరో తరానికి మొదట సెలవుగా, ఆ తరువాతే క్రతువుగా అందే అవకాశం ఎక్కువ.